అబ్బా డబ్బా మూత విప్పాలా, వద్దా?



పోయిన రంజాన్‌కు ముందు మా ఇంట్లో ఒక జగడం నడిచింది. ఆస్తి గురించి కాదు, అల్హమ్దులిల్లాహ్. అటక మీది సందూక్‌లో పాత చాదర్ చుట్టి పెట్టిన ఒక కంప్యూటర్ గురించి. మూత విప్పి బాగు చేద్దామని నేనూ, నా బేటీ. "అబ్బా కీ నిషానీ హై, హాత్ నక్కో లగా" అని మా భాయిజాన్. మధ్యలో పడిన ఆపా ఎవరికీ సర్దిచెప్పలేక ఫోన్ పెట్టేసింది.

నా రాయ్ ఏందో ముందే చెప్పేస్తాను. పెద్దలు వదిలిపోయిన యంత్రాన్ని ముట్టకుండా దాచిపెట్టడం మొహబ్బత్‌లా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది మన భయమే. విప్పాలి. అవసరమైతే తీగలు మార్చాలి, కొత్త ప్లగ్గు అతికించాలి. షరతు ఒక్కటే: మనం చేసిన ప్రతి మార్పునూ రేపు ఇంకొకరు వెనక్కి తీసేయగలిగేలా ఉండాలి.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. మన వైపు నుంచి, అంటే పీలేరు, మదనపల్లె, రాయచోటి నుంచి, కువైట్ పోయినవాళ్లు సెలవుకు వస్తే టేప్‌రికార్డరు, అత్తరు, కంబళ్లు తెచ్చేవాళ్లు. మర్హూమ్ మా అబ్బా అక్కడ ఎలక్ట్రీషియన్. 1988లో ఆయన ఒక కంప్యూటర్ తెచ్చారు. సఖ్ర్ ఏఎక్స్-170. "దీని బదులు రెండు గాజులు వచ్చేటివి" అని అమ్మీ చాలా ఏళ్లు అంటూనే ఉండింది.

సఖ్ర్ అంటే అరబ్బీలో బండరాయి. 1982లో ముహమ్మద్ అల్ షారిఖ్ కువైట్‌లో స్థాపించిన అల్ ఆలమియా కంపెనీ పెట్టుకున్న పేరు అది. మైక్రోసాఫ్ట్, జపాన్‌కు చెందిన ఆస్కీ కలిసి 1983లో ప్రకటించిన ఎమ్మెస్సెక్స్ నమూనాను తీసుకొని, ఆ కంపెనీ దానికి అరబ్బీ నేర్పింది. లోపల జెడ్80 చిప్పు, 64 కేబీ మెమరీ. ఇప్పటి వాట్సాప్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల పక్కనే అరబ్బీ హర్ఫులు ఉండేవి. అవి చూసి దాదీ దాన్ని నేల మీద పెట్టనిచ్చేది కాదు, వుజూ లేకుండా ముట్టనిచ్చేది కాదు. అబ్బా నవ్వి, ఒక పీట వేసి దాని మీద పెట్టేవారు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా ఇంటికి పిల్లలంతా వచ్చి ఆ పీట చుట్టూ కూర్చునేవాళ్లు.

ఆ డబ్బాకు మొదటి మార్పు చేసింది కూడా అబ్బానే! మా చిన్న చెల్లెలికి కీబోర్డు మీద చేయి అందేది కాదు. అబ్బా జాయ్‌స్టిక్ ప్లగ్గు ఒకటి సంపాదించి, దాని 6వ పిన్నుకూ 8వ పిన్నుకూ రెండు తీగలు అతికించి, ఆ తీగల చివర ఇంటి కాలింగ్ బెల్ బటన్ బిగించారు. బటన్ నొక్కితే జాయ్‌స్టిక్ మీట నొక్కినట్టే. తెర మీద ఎక్కాలు వచ్చేవి, జవాబు సరైనదైతే చెల్లెలు బెల్ నొక్కేది. 5వ పిన్నులో 5 వోల్టుల కరెంటు ఉంటుందని, దాని జోలికి పోకూడదని నాకు పన్నెండేళ్ల వయసులో చెప్పారు. భాయిజాన్‌తో నేను వాదించింది ఇదే. ముట్టకుండా దాచాలన్న ఆలోచనే ఆయనకు ఉంటే, బెల్ బటన్ ఎందుకు పెడతారు?

1990 ఆగస్టు 2న కువైట్ మీద ఇరాక్ ఫౌజు పడింది. సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులు అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో వాపసు వచ్చారు, వాళ్లలో అబ్బా ఒకరు. వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచి, అంతే. చిత్తూరులో మోటార్ వైండింగ్ దుకాణం పెట్టుకున్నారు. అంతకు ముందు తెచ్చిన ఈ డబ్బా తప్ప కువైట్ నుంచి మాకు మిగిలింది ఏమీ లేదు. భాయిజాన్ జిద్దు ఎందుకో నాకూ తెలుసు.

సరే, ఎట్లో ఒప్పించి దించాం. నేరుగా ప్లగ్గు పెట్టి స్విచ్ వేయనివ్వలేదు మా బేటీ. తను ఈసీఈ డిప్లొమా. ("ఆడపిల్లకు సోల్డరింగ్ ఎందుకు భాయ్" అన్న పెద్దమనిషికి నేను జవాబు ఇవ్వలేదు. ఆయన మిక్సీ బాగు చేసింది కూడా తనే.) కువైట్ కరెంటుకూ మన కరెంటుకూ పెద్ద తేడా లేదు. అక్కడ 240 వోల్టులు, ఇక్కడ 230, రెండుచోట్లా 50 హెర్ట్జే. భయమంతా కెపాసిటర్లతో. ముప్పై అయిదేళ్లలో వాటి లోపలి రసాయనం ఎండిపోతుంది, లేదా కారిపోయి బోర్డును తినేస్తుంది. పవర్ సప్లైలో ఉన్నవాటిని మార్చాం. మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి, వోల్టు అంకె అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ప్లస్, మైనస్ తిరగబడితే పేలుతుంది. ప్లగ్గు తీసేసినా కరెంటు పెద్ద కెపాసిటర్‌లో కొంచెంసేపు నిలిచే ఉంటుంది కాబట్టి, వెంటనే వేలు పెట్టకండి. కరెంటు పని చేతకాకపోతే ఈ ఒక్క పని మాత్రం తెలిసినవాళ్లతోనే చేయించండి, ఇందులో షాన్‌కు పోవద్దు.

తర్వాత క్యాసెట్. అబ్బా రాసిన ప్రోగ్రాములన్నీ ఒక మామూలు పాటల క్యాసెట్‌లోనే ఉన్నాయి. కానీ ఆ నాటి టేప్‌రికార్డరు లోపల రబ్బరు బెల్టు కరిగి తారు అయిపోయింది. తిరుపతిలో తెలిసినవాళ్ల దగ్గర నడిచే డెక్కు దొరికింది. ముందుగా క్యాసెట్ వెనక ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టాం, పొరపాటున రికార్డు మీట పడినా చెరిగిపోకుండా. ఒకే ఒక్కసారి నడిపించి, ఆ చప్పుడంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, కాపీ ఫోన్‌లో పెట్టుకున్నాం. సున్నాకు 1200 హెర్ట్జ్ కూత, ఒకటికి 2400 హెర్ట్జ్ కూత. వినేవాళ్లకు గీ... అని చెవులు చిల్లులు పడేదే గానీ, డబ్బాకు అదే ఇబారత్.

ఫోన్‌ను డబ్బాకు కలపడానికి ఒక తీగ చేయాలి. దానికి 8 పిన్నుల డిన్ ప్లగ్గు కావాలి. తిరుపతిలో దొరకలేదు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికింది. ఒక చివర ఇయర్‌ఫోన్ ప్లగ్గు, రెండో చివర డిన్ ప్లగ్గు. చప్పుడు తీగ 5వ పిన్నుకు, గ్రౌండు 2వ పిన్నుకు. 4వది డబ్బా నుంచి బయటికి రికార్డు చేసేది, 6, 7 టేప్ మోటారును ఆపేవి. మనకు ఆ మూడూ అక్కర్లేదు. బోర్డు ముట్టే పని లేదు, డబ్బాకు గీత పడదు.

ఇక్కడే నాకూ ఒక రిపేరు షాపాయనకూ బహస్ జరిగింది. ఆయన సలహా ఏమంటే, పక్కన చిల్లు పెట్టి ఇయర్‌ఫోన్ సాకెట్ అక్కడే బిగించాలంట. ఇంకో అడుగు ముందుకేసి, లోపలి బోర్డు మొత్తం తీసి పారేసి చిన్న కొత్త బోర్డు పెడితే అన్ని గేములూ ఆడుతుందన్నాడు. ఆడుతుంది, కాదనను. కానీ అప్పుడు అది అబ్బా డబ్బా కాదు, దాని తోలు. చిల్లు పెడితే పూడ్చలేం. తీగ ఇష్టం లేకపోతే పీకేస్తే సరి. భాయిజాన్ తాళం వేయమంటాడు, ఈయన డ్రిల్లు పెట్టమంటాడు. నాకు ఇద్దరితోనూ ఇత్తెఫాఖ్ లేదు. ఆ వస్తువు మన చేతిలో అమానత్. అమానత్‌ను వాడుకోకుండా పాడు పెట్టడం ఎట్లా తప్పో, దాని రూపు బర్బాద్ చేయడమూ అట్లే తప్పు. తీసేసిన పాత కెపాసిటర్లు కూడా ఒక పొట్లంలో కట్టి, ఏది ఎక్కడిదో రాసి, సందూక్‌లోనే పెట్టాం.

స్విచ్ వేస్తే తెర వెలిగింది. బేటీ సీలోడ్ అని కొట్టి ఫోన్ నడిపించింది. మొదటిసారి సగంలో 'డివైస్ ఐఓ ఎర్రర్' అని ఆగిపోయింది. ఎందుకంటే మధ్యలో ఎవరో జుమ్మా ముబారక్ మెసేజ్ పంపారు, ఆ టింగుమన్న చప్పుడు కూడా తీగలోకి పోయింది! ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాల్యూమ్ నిండా పెంచి మళ్లీ నడిపించాం. 'ఫౌండ్: జకాత్' అని వచ్చింది.

అది 1991 రంజాన్‌కు అబ్బా రాసుకున్న జకాత్ లెక్క. బంగారం ఎంత, వెండి ఎంత, చేతిలో నగదు ఎంత అని అడుగుతుంది. అందులో ఖర్జ్ తీసేస్తుంది. మిగిలింది నిసాబ్‌కు, అంటే ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువకు, చేరితే నూటికి రెండున్నర చూపిస్తుంది. అంతా పోగొట్టుకొని వచ్చిన ఆరు నెలలకు మనిషి జకాత్ లెక్క రాసుకోవడం ఏంది అని నేను అనుకుంటుంటే, బేటీ లిస్టు అని కొట్టి ప్రోగ్రాం వరుసలు చదువుతోంది. చివర్లో ఖర్జ్‌ల పట్టీ ఉంది. అయిదు పేర్లు. నాలుగింటి పక్కన 'అదా' అని ఉంది. అయిదో దాని పక్కన ఏమీ లేదు. ఒక పేరు, పీలేరు అని ఊరు, 'అమ్మాన్', 40 దీనార్లు.

అబ్బా ఈ ఖర్జ్ సంగతి ఎవరికీ చెప్పలేదు. తీర్చి రాసుకోవడం మరిచారో, ఆ మనిషి దొరకలేదో అల్లాహ్‌కే తెలుసు. మరణించినవాళ్ల ఖర్జ్ తీర్చిన తర్వాతే వారసులు ఆస్తి పంచుకోవాలని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మేము పంచుకొని పన్నెండేళ్లయింది. సందూక్ తాళం అట్లే ఉండి ఉంటే, ఈ నలభై దీనార్లు మా ముగ్గురి మెడ మీద ఉన్నట్టు మాకే తెలిసేది కాదు.

ఆ వరుస ఫొటో తీసి భాయిజాన్‌కు పంపాను. గంట సేపు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి, "కువైట్ దీనారా, జోర్డాన్ దీనారా?" అన్నాడు. అది ప్రోగ్రాంలో రాసి లేదు. రెండింటికీ విలువలో చాలా తేడా. కువైట్ దీనార్ లెక్కనే, అంటే ఎక్కువ అయ్యేదే, ఇద్దామని ఆపా అంది. ముగ్గురం ఒప్పుకున్నాం. ఆ పేరుతో పీలేరులో ఎవరున్నారో తెలుసుకోవడానికి భాయిజాన్ ఇప్పుడు ప్రతి జుమ్మాకు ఒక మస్జిద్ చొప్పున తిరుగుతున్నాడు. క్యాసెట్ రెండో వైపు ఇంకా మిగిలే ఉంది. తను లేకుండా దాన్ని నడపొద్దన్నాడు.