దస్తావేజు ఎవరి పేరు మీద ఉంది? హార్లెం సెయింట్ ఫిలిప్స్ చర్చి మనకు వేసే ప్రశ్న

దక్షిణాఫ్రికా నుంచి వచ్చే తెల్ల ఆఫ్రికానర్లకు పునరావాసం కల్పించమని ట్రంప్ ప్రభుత్వం అడిగితే అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి 2025 మేలో కుదరదని చెప్పింది. శరణార్థుల విషయంలో ప్రభుత్వంతో దాదాపు నలభై ఏళ్లుగా ఉన్న ఒప్పందాన్నే వదులుకుంది. జాతి న్యాయం పట్ల తమకున్న నిబద్ధతే కారణమని చెప్పింది. మెచ్చుకోవాల్సిన నిర్ణయమే. అయితే ఈ నిబద్ధత పైనుంచి ఊడిపడలేదు. అదే చర్చిలో రెండు వందల ఏళ్లుగా తలుపు కొడుతూ నిలబడిన నల్లవాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల చరిత్ర తెలియాలంటే న్యూయార్క్ హార్లెంలో, వెస్ట్ 134వ వీధిలో ఉన్న సెయింట్ ఫిలిప్స్ చర్చి దగ్గర మొదలుపెట్టాలి.

ఈ సంఘం మూలాలు ట్రినిటీ చర్చిలో ఉన్నాయి. అక్కడి నల్ల విశ్వాసులు 1809లో సొంత సంఘంగా ఏర్పడ్డారు. 1818లో చట్టప్రకారం నమోదయ్యారు. మరుసటి ఏడాది ఫైవ్ పాయింట్స్ అనే పేదల పేట దగ్గర సొంత గుడి కట్టుకున్నారు. వాళ్ల మొదటి గురువు పీటర్ విలియమ్స్ జూనియర్. ఆయనకు 1826లో గురుపట్టం ఇచ్చారు. కానీ దాని వెనక ఒక షరతు ఉంది. ఆయన గానీ, ఆయన సంఘం గానీ డయాసిస్ మహాసభలో స్థానం అడగకూడదు. ప్రార్థన చేసుకోవచ్చు, బల్ల పంచుకోవచ్చు, చందా కట్టవచ్చు. నిర్ణయాలు జరిగే చోట మాత్రం కూర్చోకూడదు.

ఈ షరతు మనకు కొత్తగా అనిపించదు. ఊరి పండక్కి డప్పు కావాలి, ఊరి పంచాయితీకి డప్పు కొట్టినవాడు అక్కర్లేదు అన్న నీతే ఇది.

1834 జులైలో న్యూయార్క్‌లో బానిసత్వ వ్యతిరేకుల మీద తెల్ల మూకలు విరుచుకుపడ్డాయి. విలియమ్స్ నల్ల, తెల్ల జంటకు పెళ్లి చేశాడని పుకారు పుట్టించి సెయింట్ ఫిలిప్స్‌ను ధ్వంసం చేశాయి. గుడి కూలగొట్టినవాళ్లను అడగాల్సిన బిషప్ ఒండర్‌డాంక్, గుడి పోగొట్టుకున్నవాడినే అడిగాడు. బానిసత్వ వ్యతిరేక సంఘం నుంచి తప్పుకోమన్నాడు. విలియమ్స్ తప్పుకున్నాడు. దాడి జరిగాక బాధితుడినే రాజీ పడమనడం కారంచేడు, చుండూరు తర్వాత తెలుగు నేల మీద ఎవరికీ వివరించనక్కర్లేదు.

1846లో సంఘం షరతును పక్కకు నెట్టి మహాసభలో స్థానం అడిగింది. సాంఘికంగా దిగజారిన స్థితిలో ఉన్నవాళ్లు సభకు వచ్చే పెద్దలకు తగిన సహవాసులు కారని కమిటీలోని అధిక సంఖ్యాకులు నివేదిక రాశారు. తాము దిగజార్చినవాళ్లకే ఆ దిగజారుడును కారణంగా చూపించారు. అప్పటికి ఈ సంఘంలో డాక్టర్ జేమ్స్ మెక్యూన్ స్మిత్ లాంటివాళ్లు ఉన్నారు. అమెరికాలో ఏ వైద్య కళాశాలా చేర్చుకోకపోతే గ్లాస్గో వెళ్లి 1837లో వైద్య పట్టా తెచ్చుకున్న మనిషి. పట్టా ఉన్నా సహవాసానికి పనికిరాలేదు. జాన్ జే అనే తెల్ల న్యాయవాది కూడా వాళ్ల పక్షాన ఏటా పోరాడాడు. చివరికి 1853లో సెయింట్ ఫిలిప్స్‌కు స్థానం దొరికింది.

అదే జాన్ జే 1860లో బానిస వ్యాపారాన్ని ఖండించే తీర్మానాలు అదే సభ ముందు పెట్టాడు. సభ వాటిని పక్కన పడేసింది. వాటిని న్యూయార్క్ డయాసిస్ ఆమోదించింది 2019 నవంబరులో. అంటే 159 ఏళ్లకు. అదే సమావేశంలో నష్టపరిహారం కింద 11 లక్షల డాలర్లు కేటాయించింది.

ఇంతవరకూ ఇది గుర్తింపు కోసం జరిగిన పోరాటం. సెయింట్ ఫిలిప్స్‌ను ప్రత్యేకం చేసేది ఆ తర్వాతి అధ్యాయం. సంఘం చట్టప్రకారం నమోదైంది కాబట్టి ఆస్తి దాని పేరు మీదే ఉంది. కొనడం, అమ్మడం సంఘ పెద్దల చేతుల్లో ఉంది. 1910 ప్రాంతంలో గురువు హచిన్స్ బిషప్ నాయకత్వంలో వాళ్లు పాత గుడినీ, శ్మశాన స్థలాన్నీ అమ్మి హార్లెంకు వచ్చారు. అప్పుడు హార్లెం తెల్లవాళ్ల పేట. అక్కడి యజమానులు నల్లవాళ్లకు అమ్మం, అద్దెకివ్వం అని ఒప్పందాలు రాసుకుంటున్న కాలం. హచిన్స్ బిషప్ చామనఛాయ కూడా కాదు, చూడడానికి తెల్లవాడిలా ఉండేవాడు. అమ్మేవాళ్లు ఆయన్ను తెల్లవాడే అనుకునేలా స్థలాలు కొన్నాడని సంఘ చరిత్రలో చెప్పుకుంటారు. కొత్త గుడికి నమూనా గీసింది వెర్ట్‌నర్ టాండీ, జార్జ్ ఫాస్టర్ అనే ఇద్దరు నల్ల ఆర్కిటెక్టులు. 1911లో సంఘం వెస్ట్ 135వ వీధిలో వరసగా పది అపార్ట్‌మెంట్ భవనాలను 6,40,000 డాలర్లకు కొంది. తెల్లవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదన్న ఇళ్లలోకి నల్ల కుటుంబాలు దిగాయి. హార్లెం నల్లవాళ్ల రాజధాని కావడానికి వేసిన పునాదుల్లో ఆ దస్తావేజులు ఒకటి. రెండేళ్ల తర్వాత, 1913లో అంబేద్కర్ చదువుకోవడానికి వచ్చిన కొలంబియా విశ్వవిద్యాలయం ఆ పేటను ఆనుకునే ఉంది.

ఈ కథను పూర్తిగా తీపిగా చెప్పుకోవడం సరికాదు. సెయింట్ ఫిలిప్స్ నల్లవాళ్లలో చదువుకున్న, డబ్బున్న వర్గం చర్చిగా పేరు పడింది. హార్లెం అంతటా అద్దెలు ఎక్కువే, నల్ల కూలీ కుటుంబాలు గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఇరుక్కునే బతికాయి. భూమి చేతికి వచ్చినంత మాత్రాన లోపలి తేడాలు పోవు. మన దగ్గర మాల, మాదిగ సంఘాల మధ్య, పాస్టరు కుటుంబాలకూ కూలి కుటుంబాలకూ మధ్య ఉన్న తేడాలు కూడా అలాంటివే.

ఇప్పుడు మన సంగతి. ఎపిస్కోపల్ చర్చి పుట్టిన ఆంగ్లికన్ కుటుంబానికే చెందిన వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన డయాసిస్‌ను నింపింది మాలలు, మాదిగలు. 1947లో ఆ డయాసిస్ సీఎస్ఐలో భాగమైంది. సీఎస్ఐ ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. గుడికి ఇసుక మోసిన పల్లె పేరు మీద కాదు. పల్లె జనం ప్రమేయం లేకుండానే వాళ్ల గుడి, బడి, హాస్టల్ స్థలం లీజుకు వెళ్లగల ఏర్పాటు ఇది.

రాజ్యం వైపు నుంచీ తలుపు మూసే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీగా ఒప్పుకోదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ గీత చెరిపారు, క్రైస్తవులకు, ముస్లింలకు చెరపలేదు. ఈ ప్రశ్న పరిశీలించడానికి 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని ఒక పాస్టర్ కేసులో తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టినవాడికి మాత్రం అవతలివాడి మతం అడ్డు రాలేదు.

ఉత్తర్వు మీద పోరాటం ఆపకూడదు. దాంతోపాటు ఇవాళే చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ పల్లె గుడి స్థలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయండి. పేరు ఎవరిదో చూడండి. ఆ స్థలం గురించి నిర్ణయించే కమిటీలో కూలికి వెళ్లే ఆడవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టండి. సెయింట్ ఫిలిప్స్‌కు మహాసభలో స్థానం లేని కాలంలో కూడా ఈ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. హార్లెంలో ఇళ్లు కొనగలిగింది ఆ జవాబు వల్లే.