సీటు వస్తే సూపర్ పవర్ అయిపోతామా?

"భద్రతామండలిలో మనకి శాశ్వత సభ్యత్వం వచ్చిందంటే ఇక ఇండియా సూపర్ పవరే" అనే మాట ఆఫీసు క్యాంటీన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇంకో అరగంట కూర్చుంటే అదే నోటి నుంచి "ఐక్యరాజ్యసమితి శుద్ధ దండగ, మూసెయ్యాలి" అని కూడా వస్తుంది. దండగమారి సంస్థలో కుర్చీ కోసం ఇంత ఆరాటం దేనికో మరి!

నన్నడిగితే రెండూ తప్పే. ముందు ఆ సంస్థ ఎలా పని చేస్తుందో చూద్దాం.

సమితికి సొంత సైన్యం లేదు. నీలి టోపీ పెట్టుకున్న ప్రతి జవానూ ఏదో ఒక దేశం అప్పిచ్చినవాడే. ఎక్కువమందిని పంపేది నేపాల్, బంగ్లాదేశ్, ఇండియా, రువాండా లాంటి దేశాలు. ఒక్కో జవానుకి నెలకి సుమారు 1,400 డాలర్ల చొప్పున ఆయా ప్రభుత్వాలకి ఇస్తారు. ఖర్చులో పెద్ద వాటా ధనిక దేశాలది. ఎక్కడికి పంపాలి, ఎప్పుడు వెనక్కి పిలవాలి అన్నది తేల్చేది భద్రతామండలి. అక్కడ ఐదుగురిలో ఒక్కరు వద్దన్నా పని జరగదు. 1994లో రువాండాలో ఊచకోత మొదలయ్యాక మండలి ఏం చేసింది? అక్కడున్న దళాన్ని 270 మందికి కుదించింది. చచ్చిపోయింది సుమారు 8 లక్షల మంది. అక్కడ లేనిది జవాన్ల ధైర్యం కాదు, పంపాల్సినవాళ్ళకి అవసరం.

సరే, వీటో ఉంటే బలం ఉన్నట్టేనా? 1956లో సూయజ్ సంగతి చూడండి. బ్రిటన్, ఫ్రాన్సులకి శాశ్వత సీట్లున్నాయి, వీటో వాడారు కూడా. అయినా తోక ముడిచి వెనక్కి రావాల్సి వచ్చింది. పౌండు పడిపోతుంటే అమెరికా ఆదుకోనంది, అంతే. వాళ్ళు ఖాళీ చేసిన చోట కాపలాకి వెళ్ళిన సమితి దళంలో మనవాళ్ళూ ఉన్నారు. 1967లో ఈజిప్టు "ఇక వెళ్ళండి" అనగానే ఆ దళం సర్దుకుంది, కొద్ది రోజుల్లోనే యుద్ధం వచ్చింది. సోవియట్ యూనియన్‌కి సీటు, వీటో, వేల అణుబాంబులు అన్నీ ఉన్నాయి. 1991లో అవేవీ ఆ దేశాన్ని నిలబెట్టలేదు.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకుంటే మా జిల్లాకి రండి. వంశధార నీళ్ళు చెరి సగం అని ఒడిశా, మనమూ ఒప్పుకున్నది 1962లో. గొడవ తేలక 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీకి దారి చూపింది. బ్యారేజీకి కావాల్సిన ఒడిశా భూమి 106 ఎకరాలు. తీర్పు చేతిలో ఉన్నా 2021 నవంబరులో మన ముఖ్యమంత్రి భువనేశ్వర్ వెళ్ళి మాట్లాడాల్సి వచ్చింది. ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీం కోర్టు ఉన్న దేశంలో రెండు రాష్ట్రాల మధ్యే తీర్పు దానంతటది అమలు కాలేదు. ఇక ఏ కోర్టుకీ లొంగని దేశాల మధ్య సమితి అద్భుతాలు చెయ్యలేదని తిట్టడం ఏం న్యాయం? మధ్యవర్తికి ఉండే బలమల్లా ఇరుపక్షాలూ ఇచ్చిన బలమే. అయినా ఆ మాత్రం మధ్యవర్తి కూడా లేకపోతే కర్రలే మాట్లాడతాయి.

ఆ నీళ్ళు మాకు పంటకి మాత్రమే కాదు. ఉద్దానంలో డయాలసిస్ అన్న మాట తెలియని ముసలమ్మ లేదు. ఏళ్ళ తరబడి కిడ్నీలు పోతూనే ఉన్నాయి. శ్రీలంకలో, నికరాగ్వాలో ఇలాంటి జబ్బే ఉంది, కారణం ఇదీ అని ఎవరూ గట్టిగా తేల్చలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరులో. చంద్రయాన్ చంద్రుడి మీద దిగిందీ అదే ఏడాది. చంద్రయాన్ వద్దని నేననను, గర్వపడ్డాను కూడా. కానీ అంత లెక్క కట్టగలిగిన దేశం తన రైతు కిడ్నీ ఎందుకు పోతోందో ఎందుకు తేల్చలేకపోయింది? బుర్రల్లేక కాదు, అడిగేవాడు ఉద్దానంవాడు కాబట్టి.

ఇక బలం ఎలా వస్తుందో మా పలాస జీడిపప్పే చెప్తుంది. మన తోటల పిక్క సరిపోక ఆఫ్రికా నుంచి తెప్పించి ఇక్కడ పప్పు తీస్తారు. వియత్నాం కూడా ఆఫ్రికా పిక్కే కొంటుంది. 1975 దాకా బాంబులు తిన్న దేశం అది. యంత్రాలు సొంతంగా తయారు చేసుకుని, 2006 నాటికి జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది. దానికి వీటో లేదు, శాశ్వత సీటు లేదు. ఇటు పిక్క పండించే ఐవరీ కోస్టులో 2004 నుంచి 2017 దాకా సమితి శాంతిదళం ఉండాల్సి వచ్చింది. ముడిసరుకు దగ్గరే ఆగిపోయినవాడి ఇంటికి కాపలావాళ్ళొచ్చారు, సరుకు తయారు చేసినవాడు బజారు పట్టుకున్నాడు.

"అయితే సైన్యం అక్కర్లేదా?" అంటారు. ఎందుకక్కర్లేదు? మా జిల్లా కుర్రాళ్ళు ఎంతమంది ఆర్మీలో, సీఆర్పీఎఫ్‌లో ఉన్నారో మాకు తెలీదా? ఆ కుర్రాడికి తుపాకీ, జీతం, వెనకాల ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న తండ్రి - ఈ మూడూ ఇవ్వగలిగినదే బలమైన దేశం. నెహ్రూ కాలం నుంచి నీలి టోపీల కింద మనవాళ్ళు 2 లక్షల 90 వేల మందికి పైగా పనిచేశారు, 170 మందికి పైగా ప్రాణాలిచ్చారు. ఆ లెక్క చూపించి సీటు అడగడం న్యాయమే, అడగాలి. కానీ సీటంటే బలానికి దొరికే రసీదు. 1945లో గెలిచినవాళ్ళకి ఇచ్చారు, సీటిచ్చాక గెలవలేదు.

ఈసారి ఎవరైనా సూపర్ పవర్ ఎప్పుడని అడిగితే నేను న్యూయార్క్ వైపు చూడను. ఉద్దానం జబ్బుకి కారణం తేల్చిన రోజు, నేరడిలో పని మొదలైన రోజు చెప్పండి, లెక్క అక్కణ్ణుంచి మొదలెడదాం.