సెప్టెంబర్ 17: తారీఖ్‌కి రెండో మానీ

ఉర్దూలో తారీఖ్ అనే లఫ్జుకి రెండు మానీలున్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. తెలుగులోకి వచ్చేసరికి మొదటిదే మిగిలింది. జీతాల తారీఖు, పెళ్లి తారీఖు, కరెంటు బిల్లు కట్టాల్సిన ఆఖరి తారీఖు. రెండో మానీ దారిలో ఎక్కడో జారిపోయింది. ఏటా సెప్టెంబర్ 17 వచ్చినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆ రోజు జెండాలు ఎగరేస్తాం, దాని పేరు మీద కొట్లాడుకుంటాం, సాయంత్రానికి మరిచిపోతాం. తేదీ మిగులుతుంది, చరిత్ర మిగలదు.

పేర్లకైతే కరువు లేదు. బీజేపీ వాళ్లకి అది విమోచన దినం. కేంద్ర సర్కారు కూడా 2022 నుంచి అదే పేరుతో జష్న్ చేస్తోంది. అదే ఏడాది అప్పటి టీఆర్ఎస్ సర్కారు జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కాంగ్రెస్ సర్కారు ప్రజాపాలన దినోత్సవం అంది. విలీనం అనేవాళ్లున్నారు, విద్రోహం అనేవాళ్లున్నారు. మా ఇళ్లలో మాత్రం దాని పేరు ఒక్కటే: పోలీస్ యాక్షన్. మా పెద్దలకి అది కాలాన్ని కొలిచే గజం. ఫలానా వాళ్ల షాదీ పోలీస్ యాక్షన్‌కి ముందు, ఫలానా పిల్ల పుట్టింది పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. ఆ రోజుల్లో ఏం జరిగిందని అడిగితే మాత్రం మాట ఇంకెటో మళ్లేది.

ఒక్క రోజుకి ఇన్ని పేర్లేమిటని విసుక్కునేవాళ్లు ఒకసారి దక్కన్ దాటి చూడాలి. ఇదే తారీఖున దునియాలో ఇంకా జంగ్‌లు జరిగాయి. వాటి పేర్ల మీదా ఇలాంటి తగాదాలే ఉన్నాయి.

1862 సెప్టెంబర్ 17. అమెరికా అంతర్యుద్ధం. మేరీల్యాండ్‌లో ఒక వాగు పక్కన, మొక్కజొన్న చేలలో, పొద్దున్నించి పొద్దుగూకేదాకా రెండు ఫౌజులు తలపడ్డాయి. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి దాదాపు 23,000. ఉత్తరాది వాళ్లు ఆ జంగ్‌కి వాగు పేరు పెట్టి యాంటీటమ్ అన్నారు. దక్షిణాది వాళ్లు పక్క ఊరి పేరుతో షార్ప్స్‌బర్గ్ అన్నారు. ఐదు రోజుల తర్వాత లింకన్ ఒక ప్రకటన చేశాడు: తిరుగుబాటు రాష్ట్రాలు జనవరి 1 నాటికి దారికి రాకపోతే అక్కడి బానిసలంతా ఆజాద్. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. నా మనసుకి తాకేది ఇంకొకటి. అలెగ్జాండర్ గార్డ్‌నర్ అనే ఫొటోగ్రాఫర్ ఆ చేలలో పడి ఉన్న శవాలని ఫొటోలు తీశాడు. నెల తిరిగేసరికి న్యూయార్క్‌లో వాటిని ప్రదర్శనకి పెట్టారు. జంగ్ ఇంకా నడుస్తుండగానే అవామ్ తన మృతుల్ని తన కళ్లతో చూసింది.

1939 సెప్టెంబర్ 17. అప్పటికి పదహారు రోజులుగా పోలండ్ పడమటి వైపు నుంచి హిట్లర్ ఫౌజుతో పోరాడుతోంది. ఆ రోజు తూర్పు వైపు నుంచి స్టాలిన్ ఫౌజు చొరబడింది. పోలండ్‌ని పంచుకోవాలని అంతకుముందే ఇద్దరూ చాటుగా ఒప్పందం చేసుకున్నారు. మాస్కో బయటికి చెప్పింది మాత్రం అక్కడి ఉక్రెయిన్, బెలారుస్ జనాన్ని కాపాడటానికి వచ్చామని. సోవియట్ పుస్తకాలు దాన్ని విమోచన అన్నాయి. పోలండ్ దాన్ని దురాక్రమణ అంటుంది. బెలారుస్ సర్కారు 2021 నుంచి అదే సెప్టెంబర్ 17ని ప్రజల ఐక్యతా దినంగా జరుపుతోంది. విమోచన, ఐక్యత. మన గోడల మీద చూసిన పోస్టర్లే కదా!

ఆ విమోచనలో పట్టుబడ్డ పోలిష్ అఫ్సర్లు, పోలీసులు, చదువుకున్నవాళ్లు దాదాపు 22,000 మందిని 1940లో కాల్చి చంపి కతీన్ అడవిలోనూ మరికొన్ని చోట్లా పూడ్చిపెట్టారు. ఆ పని జర్మన్లు చేశారని మాస్కో 1990 దాకా ఝూట్ చెప్పింది. చివరికి ఒప్పుకుంది. యాభై ఏళ్లు పట్టింది.

1944 సెప్టెంబర్ 17. హాలండ్. మిత్రదేశాల ఫౌజు ఆకాశం నుంచి వేలాది పారాచూట్లలో దిగింది. వరసగా వంతెనలు పట్టుకుని జర్మనీలోకి దూసుకుపోవాలని పథకం. ఆర్నెమ్ దగ్గర అది విఫలమైంది. దాని మీద సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. అయితే అదే రోజు, ఈ దాడికి మద్దతుగా, లండన్‌లో తలదాచుకున్న డచ్ సర్కారు రైల్వే కార్మికుల్ని హర్తాళ్ చేయమంది. వాళ్లు చేశారు. జర్మన్లు కసి తీర్చుకోవడానికి పడమటి నగరాలకి తిండి రాకుండా ఆపారు. ఆ చలికాలం జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. దాదాపు 20,000 మంది ఆకలితో చచ్చారు. జనరల్స్ హిసాబ్‌లో అది వంతెనల లెక్క. డచ్ అమ్మల హిసాబ్ వేరు.

ఇక 1948 సెప్టెంబర్ 17. పోలీస్ యాక్షన్ అన్నారు గానీ వచ్చింది పోలీసులు కాదు. ఒకవైపు షోలాపూర్ నుంచి, ఇంకోవైపు బెజవాడ నుంచి టాంకులు కదిలాయి. 13న మొదలైంది. 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాద్ ఫౌజు కమాండర్ ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. జంగ్ కథ ఇక్కడితో ముగిసింది. మనం జరుపుకునేది ఈ ఐదు రోజుల కథే.

ఆ తర్వాత నెహ్రూ ఒక బృందాన్ని పంపాడు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో వాళ్లు తొమ్మిది జిల్లాలు తిరిగారు. పోలీస్ యాక్షన్‌లోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాశారు. చనిపోయినవాళ్లు దాదాపు అందరూ ముస్లిములు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు అవామ్ ముందుకి రాలేదు. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ఒకచోట హిందూ నేతగాళ్లు తమ తోటి ముస్లిం నేతగాళ్లని కాపాడటానికి అడ్డం నిలబడ్డారు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. నివేదికని దాచినవాళ్లు జుల్మ్‌తో పాటు ఈ ఇన్సానియత్‌ని కూడా దాచేశారు.

ఇక్కడ ఒక సవాల్ వస్తుంది, రావాలి కూడా. మరి రజాకార్ల సంగతేంటి? దాని జవాబు నీళ్లు నమిలి చెప్పేది కాదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఎనభై మందికి పైగా చంపింది రజాకార్లు, నిజాం పోలీసులు. అదే నెలలో ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ చెయ్యి నరికి ప్రాణం తీసిందీ రజాకార్లే. అతను చేసిన కసూర్ హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాయడం. బైరాన్‌పల్లి బురుజు దగ్గర తల వంచనివాడు గుల్బర్గా పేరెత్తితే ఎవరు నమ్ముతారు? నేను నమ్మను. కానీ ఖాసిం రజ్వీ చేసిన పాపానికి బీదర్‌లో రొట్టెలు కాల్చుకునే ఆడమనిషి ఎందుకు బదులివ్వాలి? మజ్లూమ్‌కి మజహబ్ చూసి కన్నీళ్లు కార్చేవాడు ఇన్సాఫ్ అడగటం లేదు, బద్లా అడుగుతున్నాడు.

ఇంకో విచిత్రం చూడండి. ఎవరి నుంచి విమోచన అంటున్నారో ఆ నిజాంనే 1950 జనవరిలో రాజ్‌ప్రముఖ్ చేశారు. 1956 దాకా ఆయన ఆ కుర్సీలోనే ఉన్నాడు. దొర మీద, వెట్టి మీద తిరగబడ్డ రైతుల మీద మాత్రం 1951 దాకా ఫౌజు తుపాకులు పేలాయి. ఆ పోరాటానికి చాలా ముందే, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచి ప్రాణమిచ్చినవాడు షేక్ బందగీ అనే ముస్లిం రైతు. హిందూ, ముస్లిం అనే రెండే రంగుల్లో ఈ తారీఖుని చూపించేవాళ్లకి బందగీ ఎక్కడ ఇముడుతాడు?

పాత గాయాలు ఎందుకు కెలుకుతావు భాయ్ అని దోస్తులు అంటుంటారు. మనసు మంచిదే వాళ్లది. కానీ ఏటా లౌడ్ స్పీకర్ పెట్టి కెలుకుతున్నది నేనా? సెప్టెంబర్ నెలలో స్కూలుకెళ్లే మా పిల్లవాడికి రజాకార్ అని పేరు పెట్టేది ఎవరు? గాయం మానాలంటే మందు రాయాలి. దాని మీద జరీ దుప్పటి కప్పి జష్న్ చేస్తే మానదు.

అందుకే నేను ఇంకో కొత్త పేరు అడగటం లేదు. ఉన్నవి చాలు. నేను అడిగేది హిసాబ్. సుందర్‌లాల్ నివేదికని సర్కారే తెలుగులో అచ్చేసి ప్రతి జిల్లా గ్రంథాలయంలో పెట్టాలి. మరాఠీ, కన్నడ, ఉర్దూలో కూడా రావాలి, ఎందుకంటే ఆ నాలుగు జిల్లాలూ ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నాయి. మూడు జాబితాలు తయారు కావాలి. రజాకార్ల చేతుల్లో పోయినవాళ్లు, పోలీస్ యాక్షన్‌లోనూ ఆ తర్వాతా పోయినవాళ్లు, రైతాంగ పోరాటంలో పోయినవాళ్లు. దొరికిన ప్రతి పేరూ, ఊరూ రాయాలి. పేరు దొరకని చోట ఊరి పేరైనా రాయాలి. ఆ తరం గవాహ్‌లు ఇప్పటికే చాలామంది ఖబ్రస్తాన్లకి, స్మశానాలకి చేరారు. మిగిలినవాళ్లు ఎంతోకాలం ఉండరు.

మూడు జాబితాలూ ఒకే వేదిక మీద, ఒకే గొంతుతో చదవండి. చదవడం అయ్యాక జెండా ఎగరేయండి. నేనూ వచ్చి నిలబడతాను.