అదే గడపకు మళ్లీ వెళ్లాలి

నాలుగు శాతం రిజర్వేషన్ వల్ల ముస్లింలకు ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే మన సభల్లో వినిపించే జవాబు ఒక్కటే: 2007 తర్వాత మన పిల్లలు ఇంజనీరింగ్, మెడికల్ కళాశాలల్లో ఎక్కువగా కనిపిస్తున్నారు. మేమూ ఆ మాట చాలాసార్లు రాశాం. అయితే ఆ మార్పుకు కారణం రిజర్వేషనేనని నిరూపించగలమా? దాదాపు అదే కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఊరూరా ప్రైవేటు కళాశాలలు వెలిశాయి. గల్ఫ్ సంపాదన ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది. ఎదుటి పక్షం ఇవన్నీ ఏకరువు పెడితే మన దగ్గర ఉన్నది ఉద్వేగమే, ఆధారం కాదు.

ఆధారం లేని వాదన న్యాయస్థానంలో ఏమవుతుందో మనకు అనుభవమే. 2007 చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన అధ్యయనం శాస్త్రీయంగా లేదన్నది ఆ తీర్పులో ఒక ప్రధాన ఆక్షేపణ. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే రిజర్వేషన్ నడుస్తూ వచ్చింది.

2006 నాటి సచార్ కమిటీ నివేదిక మన దుస్థితిని దేశం ముందు పెట్టింది. కానీ దానికి ఆధారమైన జనగణన, నమూనా సర్వేలు ఒక్కో కాలపు ఛాయాచిత్రాలు. కార్యకారణ సంబంధం తేల్చడానికి అర్థశాస్త్రజ్ఞులు కోరుకునేది ప్యానెల్ డేటా: అవే కుటుంబాలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలిసి సేకరించిన సమాచారం. భారత మానవాభివృద్ధి సర్వే 2004-05లో 41 వేలకు పైగా కుటుంబాలను కలిసింది; 2011-12లో వాటిలో సుమారు 83 శాతం ఇళ్లకు తిరిగి వెళ్లింది. నానీమా చదువు మీద పెట్టిన పట్టు, ఇంటి సంస్కారం, మొహల్లా వాతావరణం ఏ ఫారంలోనూ ఇమడవు. ఒక కుటుంబాన్ని దాని గతంతోనే పోల్చినప్పుడు, ఈ మారని అంశాలు లెక్కలోంచి వాటంతటవే తొలగిపోతాయి.

మన విషయంలో పోలికకు ఒక అరుదైన అవకాశం కూడా ఉంది. బీసీ-ఇ జాబితాలో సయ్యద్, మొఘల్, పఠాన్ తదితర వర్గాలు లేవు. మైనారిటీలకు వర్తించే పథకాలు, కళాశాలల విస్తరణ వారికీ అందాయి. రిజర్వేషన్ మాత్రం అందలేదు. జాబితాలోని కుటుంబాల్లో 2007కు ముందూ తర్వాతా వచ్చిన మార్పులోంచి, వీరిలో వచ్చిన మార్పును తీసివేస్తే మిగిలేది రిజర్వేషన్ ఫలితానికి చాలా దగ్గరగా ఉంటుంది. అయితే 2007కు ముందు ఈ రెండు వర్గాలూ ఒకే వేగంతో నడుస్తూ ఉండాలి. లేకుంటే లెక్క తప్పుతుంది. ఆ పాత వేగం తెలియాలంటే పాత సందర్శనల సమాచారం కావాలి. దేశవ్యాప్త సర్వేలలో మన రెండు రాష్ట్రాల ముస్లిం కుటుంబాలు వర్గాలవారీగా విడదీసి చూసేటంత సంఖ్యలో ఉండవు.

ప్యానెల్ సర్వంరోగ నివారిణి కాదు. రెండు సందర్శనల మధ్య తండ్రి దుబాయ్ నుంచి ఉద్యోగం పోగొట్టుకుని తిరిగొస్తే ఆ దెబ్బ లెక్కలో కలిసే ఉంటుంది. అద్దె ఇల్లు మారినవారు, వలస పోయినవారు రెండోసారి దొరకరు. బాగా ఎదిగినవారూ, బాగా చితికినవారూ వీరిలోనే ఉంటారు.

2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేసింది. అదీ ఛాయాచిత్రమే. అందులోంచి కొన్ని వేల ముస్లిం కుటుంబాలను ఎంపిక చేసి, దూదేకుల, మెహతర్, ఖురేషీ వంటి వర్గాలను వేరువేరుగా గుర్తిస్తూ, రెండేళ్లకోసారి అదే గడపకు వెళ్లాలని మేము కోరుతున్నాం. ఆంధ్రప్రదేశ్ కూడా ఈ పని చేపట్టాలి. పౌరసత్వ వివాదం రగిలిన రోజుల్లో సర్వే అనగానే తలుపులు మూసుకున్న వీధులను మేము మరచిపోలేదు; ఆ భయం అకారణమైనదీ కాదు. అందుకే వివరాలు మరే శాఖకూ చేరవన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి. దాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ గుమ్మం దగ్గరే చదివి వినిపించాలి.