పొట్లంలోని నూనె - అడవిలోని వానరం

శ్రావణ శనివారాల్లో వేంపల్లె దగ్గరి గండి క్షేత్రం జనంతో కిటకిటలాడుతుంది. వీరాంజనేయస్వామికి మొక్కుకున్నాక పిల్లలు బిస్కెట్లో, మిక్చరో కొనుక్కుంటారు. విద్యార్థులారా! ఆ పొట్లం మీది సన్నని అక్షరాలను ఎప్పుడైనా చదివారా? చాలావాటిపై 'పామోలిన్' లేక 'పామ్ నూనె' అని ఉంటుంది. సబ్బుల తయారీలోనూ దీన్ని వాడతారు. ఈ నూనెకూ, వానరాలకూ సంబంధం ఉంది.

ప్రపంచంలో తయారయ్యే పామ్ నూనెలో నూటికి 80 పాళ్లకు పైగా ఇండోనేషియా, మలేషియాలదే. అక్కడి బోర్నియో, సుమత్రా దీవుల్లో ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద వానరం నివసిస్తుంది. మలయ్ భాషలో ఆ పేరుకు 'అడవి మనిషి' అని అర్థం. దాని ముఖ్యాహారం పండ్లు. రాత్రి పడుకోవడానికి చెట్టు మీదే గూడు కట్టుకుంటుంది. నూనె తోటల కోసం అడవిని నరికితే తిండీ, ఇల్లూ రెండూ పోతాయి. తల్లి సుమారు ఏడెనిమిదేళ్లకు ఒక పిల్లను కంటుంది. కాబట్టి తగ్గిన సంఖ్య మళ్లీ పెరగడం చాలా కష్టం. ఒరాంగుటాన్‌లలో మూడు జాతులున్నాయి. మూడూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి. 2017లో గుర్తించిన తపనులి జాతిలో 800 కూడా మిగల్లేదు.

ఎక్కడో జరిగేదానికి మనమేం చేస్తాం అనవచ్చు. కాని పామ్ నూనెను ప్రపంచంలోకెల్లా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే!

మరి ఈ నూనెను పూర్తిగా మానేస్తే సరా? సరికాదని నా అభిప్రాయం. ఒక ఎకరంలో వేరుశనగ ఇచ్చే నూనెకు ఎన్నో రెట్లు నూనెను ఆయిల్‌పామ్ ఇస్తుంది. అంత నూనె వేరే పంటల నుంచి తీయాలంటే ఇంకా ఎక్కువ భూమి కావాలి. పైగా మన ఏలూరు జిల్లా రైతులు పొలాల్లో పెంచే ఆయిల్‌పామ్ వల్ల ఏ ఒరాంగుటాన్‌కూ నష్టం లేదు. తప్పు చెట్టుది కాదు, అడవిని కొట్టి అక్కడ నాటడానిది.

అందుచేత నూనె ఏ తోట నుంచి వచ్చిందో కంపెనీలు పొట్లం మీద చెప్పాలి. చెప్పమని కొనేవాళ్లు అడగాలి. అవసరం లేనిచోట వాడకం తగ్గించాలి. చెనిక్కాయలు పండే సీమలో పప్పు, బెల్లం కలిపిన ఉండ బిస్కెట్టు కన్నా ఏం తక్కువ? గుడిలో వానరానికి దండం పెట్టి, అంగట్లో దాని ఇంటికి ఎసరు పెట్టడం న్యాయమేనా?

ఈ ఆదివారం మీ ఇంట్లోని పది పొట్లాలు తీసి చదవండి. పామ్ నూనె ఎన్నింటిలో ఉందో లెక్క రాసి, తరగతిలో చర్చించండి.