అడిగి చెప్పే మాట

పోయిన సంచిక చేరిన పది రోజులకు గుడియాత్తం నుంచి ఒక సోదరి ఉత్తరం వచ్చింది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె తెలుగు క్రైస్తవ కుటుంబానికి చెందినవారు. ఉత్తరం సారాంశం ఇది.

"మా వీధిలో అందరితోనూ కలిసిమెలిసి ఉంటాము. ఉగాదికి వాళ్లు బొబ్బట్లు పంపుతారు, క్రిస్మస్‌కు మేము కేకు పంపుతాము. కానీ నా విశ్వాసం గురించి ఒక్క మాట నోట వచ్చిందంటే చాలు, ఎదుటివారి ముఖం మారిపోతుంది. మతం మార్చడానికి వచ్చింది అనుకుంటారు. పోనీ నోరు మూసుకుందామంటే, కష్టకాలంలో నన్ను నిలబెట్టినదాన్ని దాచిపెట్టుకున్నట్టు మనసు పీకుతుంది. చెప్పడం తప్పా? చెప్పకపోవడం తప్పా? మీ 'ఇరుగు పొరుగు' శీర్షికలో జవాబు రాయండి."

ఇది పాస్టరుగారిని అడగాల్సిన ప్రశ్న గదా, నాకేం అర్హత అని ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. నేను క్రైస్తవురాలిని కాను. మా ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం, వైశాఖంలో గంగమ్మ జాతర, ఇవే నాకు తెలిసిన భక్తి. తర్వాత ఆలోచిస్తే మరొకటి తోచింది. ఎలా చెప్పాలో బోధించేవారు చాలామంది ఉన్నారు. వినే వైపు కూర్చున్నవారికి ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ. ఆ వైపు నేను కూర్చున్నాను. రెండుసార్లు కూర్చున్నాను. ఆ రెండూ చెబుతాను.

మొదటిది ఒక ఆస్పత్రిలో. ఏ ఊరో, ఏ ఆస్పత్రో ఇప్పుడు అనవసరం. మా అమ్మకు ఆపరేషన్ అయి మూడో రోజు. కుట్లు నొప్పి, ఒంట్లో జ్వరం. నేను కాఫీ తేవడానికి కిందికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మంచం పక్కన ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు నిలబడి, అమ్మ దిండు కింద పెట్టుకున్న కుంకుమ పొట్లం చూపిస్తూ, ఇలాంటివి వదిలిపెట్టనిదే జబ్బు వదలదని చెబుతున్నారు. అమ్మ ఏమీ అనలేదు. అనే ఓపిక లేదు. లేచి వెళ్లిపోదామంటే చేతికి సెలైన్ గొట్టం. ఆ మనిషి వెళ్లాక నా చెయ్యి పట్టుకుని, "నేనేం పాపం చేసినానే?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తే. ఆ వచ్చినవారికి అమ్మ మీద ద్వేషం లేదు. మంచే చేస్తున్నామనుకున్నారు. కానీ వాళ్లు చెప్పిన దేవుడి కరుణ సంగతి అమ్మకు చేరనే లేదు. చేరింది నింద ఒక్కటే.

రెండోది గుడియాత్తంలో మా పక్కింట్లో. అమ్మను ఇంటికి తెచ్చాక, పక్కింటి టీచరమ్మ సాయంత్రం సాయంత్రం క్యారియర్‌లో మిరియాల రసం, మెత్తటి అన్నం తెచ్చేది. ఆమె క్రైస్తవురాలని వీధి అంతా తెలుసు. ఆదివారం తెల్లచీర కట్టుకుని బైబిలు చేతపట్టి వెళ్లే మనిషి. నాలుగో రోజో ఐదో రోజో అమ్మ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, నీకు ఇష్టమైతే నీ కోసరం ఒక ప్రార్థన చేసుకుంటా. వద్దంటే ఊరికే కూర్చోని పోతా" అంది. ఆస్పత్రి సంగతి అమ్మ మనసులో పచ్చిగా ఉంది. "ఇప్పుడేమీ వొద్దులేమ్మా" అంది. టీచరమ్మ ముఖం చిన్నబోలేదు. సరే పెద్దమ్మా అని, విసనకర్ర తీసుకుని కాసేపు విసిరి వెళ్లిపోయింది.

నేను గమనించినదల్లా మరునాటి సంగతి. మరునాడు కూడా అదే వేళకు అదే రసం వచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. ప్రార్థన మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. వారం గడిచాక అమ్మే అడిగింది: "అవునమ్మా, ఆ పొద్దు ప్రార్థన అంటివే, మీ దేవుణ్ణి ఏమని అడుగుతావు?" టీచరమ్మ నవ్వి, "పెద్దమ్మకు నిద్ర పట్టాలని అడుగుతా" అంది. "అయితే అడుగు. నిద్రే లేకుండా ఉంది" అంది అమ్మ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు ఆ ప్రార్థన. అందులో మా దేవుళ్ల ప్రస్తావన లేదు, మా తప్పుల జాబితా లేదు.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందని చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరి విశ్వాసమూ ఒకటే. ఇద్దరూ చదివే పుస్తకమూ ఒకటే. మొదటివారు అమ్మ కాదనలేని స్థితి చూసుకుని చెప్పారు. టీచరమ్మ అమ్మకు కాదనే వీలు ఇచ్చి అడిగింది. కాదన్న తర్వాత కూడా క్యారియర్ ఆపలేదు. ఆ రసం ప్రార్థనకు బయానా కాదని అమ్మకు అప్పుడు నమ్మకం కలిగింది.

మన గుడియాత్తం దారికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. వేలూరు నుంచి కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా బస్సులో వస్తుంటే మనకు గుర్తు రాదు గానీ, నూరేళ్ల కిందట డాక్టర్ ఐడా స్కడర్ వేలూరు నుంచి గుడియాత్తానికి వారం వారం వైద్యానికి వచ్చేవారు. మొదట బండి ప్రయాణాలు, తర్వాత ప్యూజో మోటారుకారు. దారి పొడుగునా చెట్ల కింద రోగులు కాచుకుని ఉండేవారు. బండి ఆపి అక్కడికక్కడే పుండ్లు కడిగి మందు వేసేవారు. 'రోడ్‌సైడ్' అని పేరుపడ్డ ఆ వైద్యం అలా మొదలైంది.

ఆమె 1870లో రాణిపేటలో మిషనరీల ఇంట పుట్టారు. అమెరికాలో చదువుకుని, మళ్లీ ఈ దేశంలో ఉండకూడదనే అనుకున్నారు. తల్లికి జబ్బుగా ఉందని తిండివనానికి వచ్చినప్పుడు ఒక రాత్రి జరిగిన సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు భర్తలు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో పెద్దకులం హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదన పడుతున్నారు. ఐడా తండ్రి డాక్టరు. ఆయన వస్తారని చెబితే, పరాయి మగవాడు మా ఆడవాళ్లను చూడకూడదని ముగ్గురూ వెనక్కి వెళ్లారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు.

ఈ కథను సాధారణంగా త్యాగం గురించి చెబుతారు. నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ మాట విన్న వయసులో ఉన్న పిల్ల, ఇదేం మూఢాచారం, ప్రాణం కన్నా ఆచారమా అని ఈసడించి ఊరుకోవచ్చు. అలా అనడానికి కారణమూ ఉంది. ఆమె ఆ భర్తలకు నీతి చెప్పలేదు. అమెరికా వెళ్లి కార్నెల్‌లో వైద్యం చదివి 1899లో డాక్టరై, 1900లో వేలూరు వచ్చి ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఆ తలుపు తట్టినవారు ఎలాంటి డాక్టరైతే ఇంట్లోకి రానిస్తారో, తానే అలాంటి డాక్టరై వచ్చారు. 1902లో 40 మంచాల ఆస్పత్రి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల. మగపిల్లలను చేర్చుకున్నది 1947లోనే. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు నుంచి వచ్చే మన తెలుగువారితో నేడు కిటకిటలాడే సి.ఎం.సి. అలా పుట్టింది.

ఆమె విశ్వాసాన్ని దాచుకున్న మనిషి కాదు. ఆమెతో పాటు బైబిలు కథలు చెప్పేవారూ రోడ్‌సైడ్‌కు వచ్చేవారు. కళాశాల ధ్యేయవాక్యం కూడా క్రీస్తు మాటల నుంచి తీసుకున్నదే: సేవ చేయించుకోవడానికి కాక చేయడానికి రావడం అని దాని భావం. అయితే మందు కోసం చెట్టు కింద కూర్చున్న మనిషి కథ వద్దని లేచిపోగలడా అనే ప్రశ్న అడగవలసిందే. క్రైస్తవ పెద్దలే దాన్ని అడిగారు. 2011లో చర్చిల ప్రపంచ మండలి, వాటికన్‌లోని మతాంతర సంభాషణ విభాగం, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి ముగ్గురూ కలిసి ఒక ప్రవర్తన నియమావళి విడుదల చేశారు. పేదరికాన్ని, అవసరాన్ని ఆసరా చేసుకుని ఎవరినీ మతంలోకి లాగరాదని, వైద్యం చేసేచోట రోగి గౌరవానికి భంగం రానీయరాదని, ఇతరుల మతాల గురించి అబద్ధం చెప్పరాదని అందులో ఉంది. మా అమ్మ మంచం దగ్గర నిలబడినవారు దాన్ని చదివి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

ఇక చట్టం సంగతి. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికే కాక ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ 'ప్రచారం' అనే మాట ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో వాదం జరిగింది. ఉండాలన్నవారిలో మన మద్రాసు సభ్యుడు టి.టి.కృష్ణమాచారి ఒకరు. ఆయన హిందువు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తన మతం మార్చాలని అక్కడ ఎవరూ ప్రయత్నించలేదని సభలో చెప్పారు. ఆ ఉపాధ్యాయులు పద్నాలుగేళ్లు పాటించిన మర్యాదే తర్వాత వాళ్ల హక్కుకు సాక్ష్యంగా నిలిచింది. 1977లో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. తన మత సూత్రాలను వివరించి చెప్పే హక్కు ఉందిగాని, ఎదుటివారిని మార్చే హక్కు అంటూ లేదని తీర్పు చెప్పింది. ఎందుకంటే అదే అధికరణం వినేవాడి అంతరాత్మకూ స్వేచ్ఛ ఇచ్చింది.

సోదరీ, మీ ప్రశ్నకు వద్దాం. చెప్పడం తప్పు కాదు. మీ గ్రంథంలోనే పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, మీ నిరీక్షణకు కారణమేమని అడిగినవారికి సాత్వికంగా జవాబివ్వమని ఉందట. ఈ మాట నాకు టీచరమ్మే చూపించింది. అందులో 'అడిగినవారికి' అన్నది గట్టిగా పట్టుకోండి. మీ గురించి చెప్పండి, మా గురించి చెప్పకండి. "నా బిడ్డ జబ్బుపడినప్పుడు ప్రార్థనే నన్ను నిలబెట్టింది" అంటే ఎవరికీ నొప్పి లేదు. "మీ పూజల వల్లే ఇలా అయింది" అంటే తలుపు మూసుకుంటుంది. చావు ఇంట్లో, ఆస్పత్రి మంచం దగ్గర, అప్పు ఇచ్చిన చోట, మీ కింద పనిచేసే మనిషి ముందు మరింత జాగ్రత్త. అక్కడ వాళ్ల "సరే" నిజమైన సరే అవునో కాదో మీకు తెలియదు. ప్రసాదం తీసుకోవడానికి మీ మనసు ఒప్పుకోకపోతే, ముఖం తిప్పుకోకుండా కారణం చెప్పండి. మేము అర్థం చేసుకుంటాము.

మాకూ ఒక మాట. వినడమూ ఇరుగుపొరుగు ధర్మమే. శిలువ మెడలో కనిపించగానే "వీళ్లు మార్చేవాళ్లు" అనడం, ఆ పేరుతో అద్దెకు ఇల్లు ఇవ్వకపోవడం మన తప్పు. ఎవరైనా తెలిసి, ఇష్టపడి తన దారి మార్చుకుంటే అది వాళ్ల అంతరాత్మ సంగతి. అక్కడా మనకు బలవంతం చేసే హక్కు లేదు. వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడి, మసీదు, చర్చి ఒకే గోడ లోపల ఉన్నాయి. మన వీధులూ అలాంటివే.

మా నాన్న నుదుట విభూతి లేనిదే గడప దాటేవాడు కాదు. పద్యమంటే ప్రాణం. టీచరమ్మ బీరువాలో జాషువాగారి 'క్రీస్తు చరిత్ర' చూసి తనే అడిగి తెచ్చుకున్నాడు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కావ్యం అది. నెల రోజులు పెట్టుకుని చదివి, నచ్చిన పద్యాలు ఆవిడకే రాగం తీసి వినిపించాడు. విభూతి మాత్రం మానలేదు. టీచరమ్మ మానమనీ అనలేదు.

అమ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. చివరి దాకా శనివారం ఒక్కపొద్దు వదల్లేదు. చివరి రోజుల్లో మాత్రం సాయంత్రం కాగానే గుమ్మం వైపు చూసి, "టీచరమ్మ వచ్చెనా? వస్తే ఆ నిద్ర ప్రార్థన ఒకసారి చెయ్యమను" అనేది.

ఈ విషయంలో మీ అనుభవాలు, చెప్పినవైనా విన్నవైనా, రాసి పంపండి. పేరు వద్దంటే వేయము. వచ్చే సంచికలో కలుద్దాం.