గ్రేట్ గ్లెన్ దారిలో రాత్రి మకాం

స్కాట్లాండ్‌లో ఫోర్ట్ విలియం నుంచి ఇన్వర్‌నెస్ దాకా సరస్సుల పక్కన, కాలువ గట్ల మీద సాగే గ్రేట్ గ్లెన్ వే సుమారు 125 కిలోమీటర్లు. ఐదారు రోజుల నడక. బయల్దేరేముందు తేల్చుకోవాల్సిన పెద్ద సంగతి, రాత్రి మకాం ఎక్కడన్నది. గదులన్నీ ముందే బుక్ చేసి సామాను వ్యాన్ వాళ్లకు అప్పగించొచ్చు, లేదా టెంట్ వీపున వేసుకుని ఓపిక ఉన్నంతవరకు నడిచి ఆగొచ్చు.

టెంట్‌కు చట్టం అండగా ఉంది. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం ఇళ్లకు, రోడ్లకు ఎడంగా, చెత్త మిగల్చకుండా ఒకటి రెండు రాత్రులు ఉంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. పైగా మొదటి సగం దారి దాదాపు చదును. థామస్ టెల్ఫర్డ్ పర్యవేక్షణలో 1803లో మొదలుపెట్టి 1822లో తెరిచిన కాలెడోనియన్ కాలువ గట్టే చాలాచోట్ల బాట. లోకీ, ఓయిక్, నెస్ సరస్సులను ఈ కాలువ కలుపుతుంది. బానవీ దగ్గర వరసగా ఎనిమిది లాకులు పడవను మెట్టుమెట్టుగా ఎక్కిస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లకు లాకులు కొత్త కాదు గానీ, ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఇన్ని ఉండటం చూసి తీరాల్సిందే. తలుపులు మూసి, నీరు నింపి, పడవ పైకి లేచేదాకా నిలబడితే గంట దాటిపోతుంది. టెంట్ ఉన్నవాడికి ఆ గంట లెక్క కాదు.

గదులు నమ్ముకుంటే రోజు నడకను ఊళ్లే నిర్ణయిస్తాయి. ఫోర్ట్ అగస్టస్ నుంచి ఇన్వర్‌మోరిస్టన్‌కు పన్నెండు కిలోమీటర్లే, డ్రమ్‌నడ్రోకిట్ నుంచి ఇన్వర్‌నెస్‌కు మాత్రం ముప్ఫై పైచిలుకు. ఒకరోజు మధ్యాహ్నానికే చేరి గోళ్లు గిల్లుకోవాలి, ఇంకోరోజు కాళ్లీడ్చుకుంటూ నడవాలి. గెయిర్‌లోకీ లాంటి చోట బస దొరకడమే కష్టం, టాక్సీలో స్పీన్ బ్రిడ్జ్ వెళ్లి రావాల్సి రావచ్చు.

అయినా టెంట్ సుఖమని తొందరపడి చెప్పలేం. అక్కడి పడమటి వైపు వాన మన ముసురు లాంటిది కాదు, చలితో కలిసి ఎముకల దాకా వెళ్తుంది. తడిసిన టెంట్ మర్నాటికి మరింత బరువు. గాలి ఆగిన సాయంత్రం మిడ్జ్ అనే నుసుములు మూగుతాయి. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురుంటుంది, బయట కూర్చోవాలనిపిస్తుంది, వాటి ధాటికి కూర్చోలేం. దారిలో కొట్లు తక్కువ కాబట్టి తిండీ మోయాలి.

ఇక ఫోర్ట్ అగస్టస్ దాటాక లెక్క మారుతుంది. అక్కడి నుంచి అడవిలో సాగే కింది బాట, కొండెక్కే పైబాట అని రెండున్నాయి. 37 కిలోమీటర్ల పొడవున్న నెస్ సరస్సు బాగా కనిపించేది పైనుంచే. పది పదిహేను కిలోల బరువుతో ఆ ఎక్కుడు అంటే చాలామంది కింది బాటే పట్టి చెట్లు చూసి వస్తారు. అంత దూరం వెళ్లి అదేం పని?

అందుకే నా ఓటు సగం సగానికి. కాలువ గట్టున్నంతవరకు టెంట్, ఫోర్ట్ అగస్టస్ నుంచి గదులు, టెంట్‌తో సహా సామానంతా వ్యాన్‌లోకి. ఖర్చూ కొంత తగ్గుతుంది. వాన మరీ ముంచుకొస్తే ఏ82 రోడ్డు మీద బస్సులు తిరుగుతూనే ఉంటాయి. గదుల్లో ముందుగా చూసుకోవాల్సింది డ్రమ్‌నడ్రోకిట్‌లో. నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే వింతజంతువు నెస్సీ పేరు చెప్పి కార్లలో వచ్చేవాళ్లు జులై, ఆగస్టుల్లో అక్కడ గదులన్నీ నింపేస్తారు.